కెజియా, కనకరాజుగారి అప్పగింతలు

ఆ రోజు రెండువేల ఆరవ సంవత్సరం మే నెల పదమూడవ తేదీ, శనివారం. తాడేపల్లిగూడెంలో ఉదయం నుంచే గాలి ఆగిపోయింది. కొబ్బరాకు కదలలేదు, దండెం మీది బట్ట ఆరిందే కాని ఊగలేదు. మధ్యాహ్నం మూడు దాటేసరికి ఏలూరు వైపున, బోర్లించిన ఇనుప పెనంలా మబ్బు లేచింది. వేసవిలో అటువంటి మబ్బును చూచి సంతోషించేవారు, భయపడేవారు అని మనుషులు రెండు విధాలు. మామిడితోటలున్నవారు రెండవ విధం. మా వీధిలో ఎవరికీ తోట లేదు గాని, రెండవ విధానికి చెందిన మనిషి మాత్రం ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు సీమోను. నేను చెప్పబోయేది ఆయన కుమార్తె కెజియా సంగతి.

కెజియా నా శిష్యురాలు. కొల్లేటికోటలో పుట్టింది. తల్లి చిన్ననాడే పోయింది. తండ్రి చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. ఆకివీడు హైస్కూలులో నేను తెలుగు చెప్పే రోజుల్లో ఆ పిల్ల హాస్టలులో ఉండి చదువుకుంది. ఛందస్సు అంటే భయపడేది. సంధులు మాత్రం విడదీసి చూపించేది. విడదీయడంలో ఉన్న నేర్పు కలపడంలో లేదని నేను పరిహాసం చేసేవాడిని. కాలం ఆ పరిహాసాన్ని తలకిందులు చేసింది. చదువయ్యాక ఏలూరు పవరుపేటలో నాగేశ్వరరావు అనే ఆయన దగ్గర పని నేర్చుకుని, తాడేపల్లిగూడెంలో మా ఎదుటి ఇంట్లోనే మిక్సింగు యూనిట్ పెట్టింది. పెళ్లిళ్లలో తీసిన వీడియో కెసెట్లను కంప్యూటరులోకి ఎక్కించి, అక్కరలేనిది కోసివేసి, పాటలూ పేర్లూ చేర్చి సీడీలుగా ఇచ్చే పని అది. 'మిశ్రణశాల' అని బోర్డు పెట్టమని నేను సలహా ఇచ్చాను. "మందులు నూరే కొట్టనుకుంటారండి మాస్టారూ" అని నవ్వి ఊరుకుంది.

ఆ సలహా పాటించకపోయినా, వీడియోలో పడే పేర్లన్నీ నాకు చూపించకుండా ఎక్కించేది కాదు. 'మహోత్సవము'ను 'మహోత్స్యవము' చేసిన పెళ్లి వీడియోలు మన జిల్లాలో ఎన్ని ఇళ్లలో ఉన్నవో లెక్క లేదు. కాగితం మీది తప్పును దిద్దవచ్చు. పెళ్లి వీడియోలోని తప్పు వచ్చిన చుట్టానికల్లా కాఫీతోపాటు అందుతుంది.

ఆ శనివారం కూడా ఆమె పేర్ల కాగితం పట్టుకుని మా అరుగు మీదకు వచ్చింది. అత్తిలి దగ్గరి రైతు కనకరాజుగారి అమ్మాయి తులసి పెళ్లి వీడియో అది. పెళ్లి మాఘమాసంలో జరిగింది. ఆడపెళ్లివారే వచ్చి పాటలు ఎంచడం మన వైపు అలవాటు. అది తేలితే గాని మిక్సింగు మొదలుకాదు. కనకరాజుగారు తానే వచ్చి పాటలు చెబుతానన్నారు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయ్యాక వస్తానన్నారు. కోతలు అవుతుండగా, ఏప్రిల్ చివర, కళ్లంలోనే గుండె ఆగి పడిపోయారు.

"మాస్టారూ, ఒక సందేహమండి," అంది కెజియా. "కనకరాజుగారి పేరు ముందు కీర్తిశేషులు అని పెట్టాలాండి?"

"పెళ్లినాటికి ఆయన ఉన్నారు కదమ్మా."

"ఉన్నారండి. కాళ్లు కడిగి కన్యాదానం చేశారండి."

"అయితే ఉన్నట్టే రాయి. మనిషి ఎదురుగా తిరుగుతుంటే పైన కీర్తిశేషులని పడితే చూసేవాళ్ల కడుపు తరుక్కుపోదూ."

ఆమె తల ఊపి కలం తీసింది. సరిగ్గా అప్పుడు తొలి ఉరుము వినిపించింది. దూరపు ఉరుమే, బండి మీంచి బస్తా జారినట్టు ఒక శబ్దం. కెజియా ముఖంలో రంగు మారింది.

"కంప్యూటరు నడుస్తోందండి. డిస్కు సర్దుకోమని పెట్టి వచ్చాను. నాన్న ఇంట్లో ఉన్నాడు."

చెప్పులు మా అరుగు మీదే వదిలి పరుగెత్తింది. ఉరుముకు పరుగెత్తడం నాకు అర్థమైంది గాని, తండ్రి ఇంట్లో ఉంటే భయమెందుకో అర్థం కాలేదు. గొడుగు తీసుకుని వెనుకనే వెళ్లాను.

కారణం నాకు తరువాత తెలిసింది. కొల్లేరు చెరువుల మీద పనిచేసినవారికి ఒక నియమం ఉంది. తొలి ఉరుము వినబడగానే మోటారు ఫ్యూజు పీకివేయాలి. చుట్టూ నీరు, నడుమ సన్నని గట్టు, గట్టు మీద కరెంటు తీగ; పిడుగుకు అంతకంటె అనువైన చోటు ఉండదు. సీమోనుతో కలిసి కాపలా ఉన్న అబ్బాయిరాజు అనే మనిషి, మోటారు ఆపడానికి ఒక్క నిమిషం తాత్సారం చేసి, గట్టు మీదనే పిడుగుకు పోయాడు. అప్పటి నుంచి సీమోనుకు ఉరుముకూ ఫ్యూజుకూ మధ్య ఆలోచన అనేది లేదు. గూడెం వచ్చి ఏళ్లయినా, ఆకాశం గొంతు సవరించుకుంటే చాలు, ఆయన చెయ్యి మీటరు బోర్డు మీద ఉండేది.

మేము వెళ్లేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు పింగాణి ఫ్యూజులు.

"రెండూ పీకేసేనమ్మా," అన్నాడు నిబ్బరంగా. "ఇంక ఫర్లేదు."

కెజియా లోపలికి తొంగి చూసింది. "యూపీఎస్ ఉండాలి కదా నాన్నా. అదేంటి, అదీ ఆగిపోయింది?"

కరెంటు పోయినా కంప్యూటరును కాసేపు నిలబెట్టే పెట్టె అది. కరెంటు పోగానే కీచుమని కూసి హెచ్చరిస్తుంది.

"ఆ పెట్టెమ్మా? ఫ్యూజులు పీకినా కూత్తానే ఉంది. కరెంటు లోపలెక్కడో చిక్కడిపోయిందేమోనని దాని మీట కూడా నొక్కేసేను. అప్పటికి నోరు మూసింది."

కెజియా కుర్చీలో కూర్చుని, వెలుగు లేని తెర వైపు చూస్తూ, కొంగు చివర వేలికి చుట్టుకోసాగింది. బయట వాన దిగింది.

డిస్కు సర్దుకోవడమంటే ఏమిటో ఆ వానలో నాకు ఆమే వివరించింది. వీడియో చాలా చోటు తింటుంది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ముక్కలు ముక్కలుగా కూరబడుతుంది. డిస్కు నిండిపోయి యంత్రం మందగిస్తే, ఆ ముక్కలను తీసి వరుసగా పేర్చే పని ఒకటి అప్పగించాలి. అది జరుగుతుండగా ఒక ముక్క చేతిలో, ఒక ముక్క నేల మీద ఉంటాయి. అప్పుడు ఆపకూడదు.

"కెసెట్లున్నాయి కదమ్మా. మళ్లీ ఎక్కించుకోవచ్చు," అన్నాను.

"లేవండి." ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. "ముహూర్తాల రోజులు కదండీ. కంప్యూటరులోకి ఎక్కించేశాక కెసెట్లు కెమెరా ఆయన తీసుకుపోయి వేరే పెళ్లికి వాడేశాడు. అందరం అలాగే చేస్తామండి."

అది ఒకరి తప్పని చెప్పడానికి వీలులేదు. పెళ్లిళ్ల కాలంలో ఈ పని చేసేవారందరూ పెంచుకున్న పద్ధతి అది. ఒక పెళ్లి మీద ఇంకొక పెళ్లి, దాని మీద మరొకటి. పలక మీద రాసి తుడిచినట్లు.

సోమవారం తులసి వస్తుంది. తండ్రి నెల మాసికానికి ముందే ఆ వీడియో తల్లికి చూపించాలని ఆమె కోరిక. కనకరాజుగారు ఫోటోలకు నిలబడే మనిషి కాదట. ఇంట్లో ఉన్న ఒక్క పటమూ ముప్పైయేళ్ల కిందటిది. అన్నిటికంటె, అప్పగింతలప్పుడు నాన్న ఏమన్నాడో తనకు గుర్తులేదనీ, ఆ ఏడుపులో ఏమీ వినబడలేదనీ, అది వినాలనీ తులసి ఫోనులో చెప్పిందట. అప్పగింతలు నిత్య బహువచనం. ఒక అప్పగింత అనడం వ్యాకరణం ఒప్పుకున్నా నోరు ఒప్పుకోదు. పిల్లను ఒక్కసారే అప్పగించినా, ఆ పని ఒక్కసారితో అయ్యేది కాదని మన పూర్వులకు తెలిసి ఉండాలి.

వాన తగ్గాక సీమోను ఫ్యూజులు పెట్టాడు. ఫ్యాను తిరిగింది. కెజియా కంప్యూటరు మీట నొక్కింది. లోపల ఏదో గిరగిర తిరిగింది, ఆగింది. నల్లని తెర మీద ఒక్క ఇంగ్లీషు వాక్యం వచ్చి నిలబడింది. తెలుగు చేస్తే దాని భావమిది: డిస్కును చదువుటలో దోషము కలిగినది, మరల ప్రారంభింపుడు. ఆమె మరల ప్రారంభించింది. అదే వాక్యం. మళ్లీ ప్రారంభించబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఊరికే ఆపి తెరుస్తుంటే ఉన్నది కూడా పోతుందేమోనండి."

సీమోనుకు అప్పుడు సంగతి అర్థమైంది. కూతురి ముఖం వైపు చూడలేక నా వైపు చూశాడు.

"నేను పాడుచేసేనా మాస్టారండీ?"

"పిడుగు పడి ఉంటే ఇల్లే పోయేది కదా," అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

కెజియా నాగేశ్వరరావుకు ఫోను చేసింది. ఆయన గొంతు పెద్దది. మాకు కూడా వినిపించింది.

"అంతేనా? దానికింత కంగారెందుకే. పట్రా, ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిచ్చేస్తే కొత్తదానిలా లేస్తుంది."

"లోపల పెళ్లి ఉందండి. వేరే కాపీ లేదండి."

అవతల గొంతు తగ్గింది. తరువాత, "రేపు తీసుకురా, చూద్దాం," అని మాత్రం వినిపించింది.

ఫార్మాట్ కొట్టడమంటే డిస్కును పూర్తిగా చెరిపి కొత్తగా మొదలుపెట్టడం. ఆ రోజుల్లో ఏ ఊళ్లో ఏ కంప్యూటరు మొరాయించినా మెకానిక్కులు మొదట చెప్పే వైద్యం అదే. యంత్రం లేస్తుంది, మెకానిక్కుకు పేరు వస్తుంది, లోపల ఉన్నవాటి సంగతి ఇంటివారు సాయంత్రానికి తెలుసుకుంటారు. కెజియా కూడా ఆయన దగ్గరే ఆ వైద్యం నేర్చుకుంది. అందుకే ఆమెకు భయం. ఆయన చేతికి అది అలవాటైన పని. మాటకు అడ్డుపడవచ్చు గాని, అలవాటుకు ఎవరు అడ్డుపడగలరు?

"మీరు కూడా రండి మాస్టారూ," అంది. "మీరు పక్కనుంటే నాకు నోరు పెగులుతుంది."

మరునాడు ఆదివారం. సీమోను ఆదివారం ఆరాధన మానిన మనిషి కాదు. ఆ ఉదయం తెల్లచొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని, చర్చి వైపు కాక స్టేషను వైపు తిరిగాడు.

"ప్రార్థన మానేస్తున్నావేంటి నాన్నా?" అంది కెజియా.

"రైల్లో చేసుకుంటాలే. ఆ డిస్కు నాకియ్యి. కుదపకుండా పట్టుకుంటాను."

ఆమె కంప్యూటరులోంచి డిస్కు విప్పి, పాత నూలుచీర ముక్కలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టింది. సీమోను ఆ డబ్బా పట్టుకున్న తీరు నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. రైలు పెట్టెలో చోటు దొరికినా బల్ల మీద పెట్టలేదు, ఒడిలో పెట్టలేదు. రెండు అరచేతుల మీద, ఒడికి జానెడు ఎత్తున, గాలిలో పట్టుకున్నాడు. రైలు కుదిపినప్పుడల్లా ఆయన మోచేతులు లేచి దిగేవి. డబ్బా మాత్రం ఉన్నచోటనే ఉండేది.

"ఏంటండీ అందులో?" అని ఎదుటి ఆయన అడిగాడు. "పాలు పొంగుతాయా?"

"పెళ్లండి," అన్నాడు సీమోను.

తరువాత సీమోనే నాకు చెప్పాడు, చేపపిల్లను తెచ్చేటప్పుడు అలాగే పట్టుకోవాలట. గాలి నింపిన సంచీల్లో వేలి గోరంత పిల్లలుంటాయి. సంచీని నేలకు ఆనిస్తే కుదుపుకు కడుపు తిరిగి చస్తాయి. మనిషి ఒళ్లే స్ప్రింగు కావాలి. పూళ్ల స్టేషను దాటాక కిటికీలోంచి ఎండ ఆయన ముఖం మీద పడింది. చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనే అనుకుంటాను.

నాగేశ్వరరావు కొట్టు ఆదివారం మూసి ఉంటుంది. ఇంటి ముందు గదిలోనే ఒక బల్ల, రెండు మూడు విప్పిన కంప్యూటర్లు. ఆయన లుంగీ మీదనే ఉన్నాడు. మంచివాడు, తొందర మనిషి. నా వయసు చూచి కుర్చీ వేయించాడు. డిస్కును తన కంప్యూటరుకు రెండో డిస్కుగా తగిలించి మీట నొక్కాడు. మేం ముగ్గురం ఆయన భుజాల మీంచి చూస్తున్నాం.

ఆయన డిస్కు తెరుచుకుంది. కెజియా డిస్కు గుర్తు కూడా కనిపించింది. అమ్మయ్య అనుకోబోయాను. ఆయన దాని మీద నొక్కగానే తెర మధ్య ఒక చిన్న గడి లేచింది. ఈ డిస్కు ఫార్మాట్ చేయబడి లేదు, ఇప్పుడు చేయమంటారా? కింద రెండు మీటలు: అవును, కాదు. 'అవును' అన్నది ముందే ఎంపికై, దాని చుట్టూ చుక్కల గీత ఉంది. ఎంటర్ తాకితే చాలు.

నాగేశ్వరరావు వేలు లేచింది. కావాలని లేచిందని నేను అనను. తలుపు తట్టగానే 'ఎవరూ' అన్నట్టు లేచింది. కెజియా ఆయన మణికట్టు పట్టుకుంది.

ఆమె తాను చేసిన పనికి బిత్తరపోయింది, గాని చెయ్యి వదలలేదు.

"నాలుగు పెళ్లిళ్లు మిక్సింగు చేసేసరికి గురువు చెయ్యే పట్టుకునే దాకా వచ్చావే," అన్నాడాయన.

"క్షమించండి సార్. కాదు అని నొక్కండి."

ఆయన 'కాదు' నొక్కాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "నొక్కేసేవాణ్ణే," అన్నాడు కాసేపటికి.

అప్పుడు కెజియా తన మనసులోది చెప్పింది. రాత్రంతా ఆలోచించుకున్నట్టుంది. అసలు డిస్కు మీద ఏ ప్రయోగమూ చేయవద్దు. ముందు ఖాళీ డిస్కు ఒకటి తెచ్చి, ఇది ఎలా ఉన్నదో అలాగే, చెడింది చెడినట్టుగానే, మొదటి నుంచి చివరి దాకా నకలు తీద్దాం. తరువాత ఏ వైద్యం చేసినా నకలు మీదనే.

"అంత పెద్ద ఖాళీ డిస్కు నా దగ్గరెక్కడుంది? ఒకటుంది, రేపు ఒకాయనకు బిగించాల్సింది."

"రేపటికి ఖాళీ చేసిచ్చేస్తానండి."

"వాడికి తెలిస్తే నన్ను నమలడూ." అంటూనే లేచి బీరువాలోంచి తీశాడు.

నకలు తీయడం మధ్యాహ్నం దాకా సాగింది. తెర మీద ఒక పచ్చని గీత చీమలా పాకేది. నడుమ రెండుసార్లు ఆగిపోయింది. ఆగినప్పుడల్లా నాగేశ్వరరావు కుర్చీ ముందుకు జరుపుకునేవాడు. సీమోను బైబిలు మూసేవాడు. నాగేశ్వరరావు భార్య పెట్టిన ఉప్మా కెజియా ముట్టలేదు. ఆరోజు కరెంటు పోతుందేమోనని ఏలూరు ఆకాశం వైపు నేను ఎన్నిసార్లు చూశానో. ఒక్క మబ్బు లేదు. చివరకు సీమోను లేచి వెళ్లి వీధి అరుగు మీద, మీటరు బోర్డుకు వీలైనంత దూరంగా, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నకలు అయ్యాక వైద్యం మొదలైంది. మొదట నాగేశ్వరరావు తనకు తెలిసిన ఆదేశమేదో ఇచ్చాడు. డిస్కు మొదట్లోని బూటు భాగాన్ని తిరిగి రాసే ఆదేశమట. ఫలితం వికటించింది, అంతకుముందు కనిపించిన డిస్కు గుర్తు కూడా మాయమైంది. ఆయన ముఖం పాలిపోయింది. "నకలు మీదే కదండీ," అంది కెజియా. ఆ మాట ఆయనకు చెప్పిందో, తనకు చెప్పుకుందో. మళ్లీ అసలు నుంచి నకలు. మళ్లీ చీమలా ఆ గీత. సాయంకాలమైంది.

రెండోసారి ఆయనే ఒక సంగతి గుర్తుచేసుకున్నాడు. డిస్కులో మొట్టమొదటి భాగం, అంటే యంత్రం లేవగానే చదివేది, పాడైతే పనికివస్తుందని దాని ప్రతి ఒకటి డిస్కు చిట్టచివర దాచి ఉంటుందట. ఎప్పుడో విన్నాడు, ఎప్పుడూ వాడలేదు. ఫార్మాట్ కొట్టేవాడికి దానితో పని ఏముంది? ఇద్దరూ తలలు దగ్గర పెట్టి, ఒకరు చదువుతూ ఒకరు కొడుతూ, ఆ చివరి ప్రతిని తెచ్చి మొదట అతికించారు. కంప్యూటరు ఆపి తెరిచారు. కెజియా కళ్లు మూసుకుంది. నేను చూశాను. ఫోల్డర్ల పేర్లు ఒక్కొక్కటే తెర మీదకు వచ్చాయి. స్నాతకం, గౌరీపూజ, కన్యాదానం, తలంబ్రాలు, భోజనాలు, అప్పగింతలు.

"వచ్చేశాయమ్మా," అన్నాను.

ఒక్కొక్కటీ తెరిచి చూశారు. అన్నీ ఆడుతున్నాయి. చివరిది అప్పగింతలు. పందిరి కనిపించింది, తులసి వంచిన తల కనిపించింది, ఒక మగచెయ్యి ఆమె చేతిని పట్టుకుని అత్తగారి చేతి వైపు కదిలింది. అంతే. బొమ్మ చదరాలు చదరాలుగా పగిలిపోయి, శబ్దం గరగరమని ఆగిపోయింది. కెజియా అది మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే పగిలింది. ఫ్యూజు పీకిన క్షణంలో చేతికీ నేలకూ నడుమ ఉన్న ముక్క అదే.

నకలు మీద ఫలించిన వైద్యాన్నే అసలు డిస్కుకూ చేసి, ఆయన డిస్కును ఖాళీ చేసి ఇచ్చి, రాత్రి రైలుకు తిరిగి వచ్చాం. స్టేషనులో దిగాక సీమోను ఒక్కమాట అన్నాడు: "రేపు ఆ అమ్మాయితో నేనే చెబుతాను."

"నువ్వు చెప్పకు నాన్నా. పని నాది."

"పీకింది నేను."

సోమవారం ఉదయం కెజియా నన్ను పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దొరికిన వీడియో అంతా, కోయకుండా, మొదటి నుంచి చూసిందట. "కెమెరా ఎప్పుడూ పెళ్లికూతురి మీదేనండి. కనకరాజుగారు ఎక్కడా మధ్యలో లేరు. అన్నీ అంచుల్లోనే." మిక్సింగులో ఎవరైనా కోసి పారవేసే భాగాలవి. ఆమె వాటినే ఏరింది. మజ్జిగ కుండల దగ్గర ఎవరినో కేకలేస్తున్న కనకరాజుగారు. పురోహితుడికి గాలి తగిలేలా ఫ్యాను తిప్పుతున్నారు. కుర్చీలో కూర్చునే నిద్రపోయి, మేళం మోతకు లేచి, చుట్టూ చూచి, తన నిద్ర ఎవరూ గమనించలేదు కదా అని మీసం సవరించుకుంటున్నారు.

తులసి పది గంటలకు వచ్చింది. నలిగిన నేత చీర, మెడలో కొత్త పసుపుతాడు. కూర్చోకముందే సీమోను ఆమె ఎదుట నిలబడ్డాడు.

"అమ్మా, ఉరిమిందని ఫ్యూజు నేను పీకేనండి. పెట్టె కూత్తంటే అది కూడా ఆపేను. మీ నాన్నగారి అప్పగింతలు అందులో పాడైపోయేయి. కెజియా తప్పేం లేదండి."

తులసి ఆయన వైపు, తరువాత కెజియా వైపు చూచింది.

"మొత్తం పోయిందాండి?"

"లేదండి. అప్పగింతలు మాత్రం సగంలో ఆగిపోతాయండి," అంది కెజియా. "మాటలు రాలేదండి."

తులసి ఫరవాలేదు అనలేదు. ఎవరైనా అనాలని నేను ఎదురుచూశాను, ఎవరూ అనలేదు. అప్పుడు కెజియా తాను ఏరిన ముక్కలను ఆడించింది. మజ్జిగ కుండల దగ్గర కేకలు వినబడగానే తులసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నిద్రలేచి మీసం సవరించుకునే చోట, "ఇది మళ్లీ పెట్టండి," అంది. మళ్లీ పెట్టారు. మళ్లీ అడిగింది.

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఆ పగిలిపోయింది కూడా పారేయకండి," అంది. సీమోనుతో ఏమీ మాట్లాడలేదు. ఆయన దానికి నొచ్చుకోలేదు. ఆ ఏడు వానాకాలమంతా ఉరిమినప్పుడు ఆయన మీటరు బోర్డు దగ్గరకు వెళ్లి, అక్కడే నిలబడి, కూతురు లోపలి నుంచి 'ఊ' అనేదాకా వేచి ఉండడం నేను మా అరుగు మీంచి చూసేవాడిని. పిడుగుకు ఆగడం నేర్పినట్టు ఉండేది ఆ దృశ్యం.

తరువాత సీడీలు తగ్గాయి, మిక్సింగు తగ్గింది. కెజియా పెళ్లి చేసుకుని ఏలూరు వెళ్లింది; తండ్రిని వెంట తీసుకువెళ్లింది. పాడైన డిస్కుల్లోంచి దొరికినంత తీసియిచ్చే పనే ఇప్పుడు ఆమె వృత్తి అని విన్నాను. పండుగలకు ఫోను చేసేది. ఉత్తరం మాత్రం ఒక్కటే వచ్చింది. దానిని ఉన్నది ఉన్నట్టుగా కింద ఇస్తున్నాను. రెండు చోట్ల ఒత్తులు దిద్దాను, అంతే.

ఏలూరు,
ఆగస్టు 9, 2014

మాస్టారికి కెజియా నమస్కారాలు.

ఫోనులో చెబితే మధ్యలో ఏడుస్తానని రాస్తున్నాను. తులసిగారి అప్పగింతల ముక్క ఇన్నేళ్లూ నా దగ్గరే ఉందండి. డిస్కు మారినప్పుడల్లా ముందు దాన్నే కాపీ చేసేదాన్ని. కొత్త పద్ధతులేవైనా తెలిస్తే దాని మీద ప్రయత్నించేదాన్ని, నకలు మీదేనండి. ఏమీ వచ్చేది కాదు. మొన్న మంగళవారం, చెల్లాచెదురుగా పడిన శబ్దం ముక్కలు కొన్ని వేరే చోట దొరికాయి. బొమ్మ రాలేదు. మాట వచ్చింది.

ఆయన పెద్దగా ఏమీ అనలేదండి. "మా అమ్మాయికి పొద్దున్నే లేవగానే ఆకలండి. అడగదు. కాస్త చూసి పెట్టండి" అన్నారు. తర్వాత మేళం వచ్చేసింది.

ఇంతేనా అనిపిస్తుంది మాస్టారూ. కానీ విన్నాక ఆ రోజు ఇంకే పనీ ముట్టుకోలేదు. తులసిగారికి ఇంకా చెప్పలేదు. ఆవిడకిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ బాధ ఒకలా సర్దుకున్నాక మళ్లీ నేను తలుపు తట్టినట్టవుతుందేమోనని భయం. చెప్పకపోతే నా దగ్గర దాచుకోవడానికి నేనెవరినండి? నాలుగు రోజులుగా నంబరు తీయడం, పెట్టేయడం.

నిన్న నాన్నకు వినిపించాను. చెవి సరిగా వినబడదు కదా, రెండుసార్లు పెట్టాను. విని, "ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యి. నేను పోయేలోగా చెయ్యి" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఈ ఉత్తరం పోస్టులో వేసి, అక్కడి నుంచే చేస్తాను. ఏమని మొదలుపెట్టాలో మీరు చెబుతారేమో అనుకున్నాను గాని, మీ జవాబు వచ్చేదాకా ఆగలేను.

మీ
కెజియా